ఖరిదా – మైదానం సెక్షన్

ముప్ఫై ఏళ్ళ సర్వీసులో గోవిందరావు పరుగెత్తిన దూరమంతా కలిపి కొలిచినా ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం అంత ఉండదు. ఆ ప్లాట్‌ఫారం పొడుగు గురించి ఊళ్ళో అందరూ గొప్పగా చెప్పుకుంటారు గానీ, రైల్వే పోలీసు హవల్దారుకి దొంగ వెనకాల పరుగెత్తాల్సి వచ్చినప్పుడే అదెంత అన్యాయమో తెలుస్తుంది. గోవిందరావు ఈలతో సరిపెట్టేవాడు. సగంమంది దొంగలు ఈలకే బస్తా వదిలేసి పోయేవారు. మిగతా సగం మర్నాడు ఎలాగూ దొరికేవారు. అలాంటి మనిషి యాభై నాలుగో ఏట, బొజ్జతో సహా నిక్కరులో దూరి, కాగడా పట్టుకుని నడిబజారులో పరుగెత్తుతానని తనంతట తానే చెయ్యెత్తాడంటే ఠాణాలో ఎవరూ నమ్మలేదు.

ఆ పరుగు సంగతి ఇది. తొంభై మూడు డిసెంబరులో, బుద్ధి ఎదుగుదల తక్కువైన ఆటగాళ్ళకు ఖరగ్‌పూర్ రైల్వే మైదానంలో పోటీలు పెట్టారు. పోటీల రోజు పొద్దున్నే పోలీసులు కాగడాతో ఊళ్ళోంచి పరుగెత్తాలి. ఆటగాళ్ళు వాళ్ళ పక్కన పరుగెత్తాలి. ఖాకీవాళ్ళు పరుగెడితే ఊరు ఎలాగూ గుమ్మాల్లోకి వస్తుంది. వచ్చినవాళ్ళు చందా డబ్బాలో ఎంతో కొంత వేస్తారు, ఎప్పుడూ ఇళ్ళల్లోనే ఉంచేసే మనుషులను ఒక్కసారైనా కళ్ళారా చూస్తారు అని ఆలోచన. మలంచాలో బయలుదేరి ఖరిదా బజారు మీదుగా మైదానం చేరాలి. ఖరిదా నుంచి మైదానం దాకా ఆఖరి ముక్క మాత్రం ఒక ఆటగాడిది. అతను కాగడాను కలకత్తా నుంచి వచ్చే పోలీసు పెద్ద సాబ్ చేతికి అందిస్తే, ఆయన దాంతో మైదానంలో పెద్ద దీపం వెలిగిస్తాడు.

ఆ ఆటగాడు అప్పలకొండ. ఇరవై తొమ్మిదేళ్ళవాడు. మాట తక్కువ, చిల్లర లెక్క రాదు, కొత్తవాళ్ళ మొహం చూడడు. పరుగుకి దిగితే మాత్రం ఆదివారాలు సాధనకు మైదానానికి వచ్చే పద్దెనిమిదిమందిలో అతన్ని అందుకున్నవాడు లేడు. అతని తండ్రి దేముడు మేదినీపూర్ లైనులో ఒక చిన్న స్టేషన్‌లో పాయింట్స్‌మన్‌గా చేసి, ఆరేళ్ళ కిందట పోయాడు. దేముడూ గోవిందరావూ ఒకే వరస క్వార్టర్లలో పెరిగినవాళ్ళు. గోవిందరావు చెయ్యెత్తింది అందుకే.

తల్లి జోగమ్మ రైల్వే ఆసుపత్రిలో ఆయా. తాల్‌బగీచాలో వాళ్ళ ఇంటికి గోవిందరావు అనుమతి అడగడానికి వెళ్ళాడు.

“ఊరంతా సూస్తాది గోవిందూ,” అంది ఆవిడ. “సూసి నవ్వుతాది. నవ్వితే ఈడికి తెల్దనుకుంటారు. తెలుస్తాది. రెండు రోజులు కూడు ముట్టడు.”

“ఎవుడు నవ్వుతాడో నేను సూస్తాను వదినా. ఒక్కడు నవ్వినా నా పేరు గోవిందరావు కాదు.”

“మాటేనా?”

“మాటే.”

“అయితే తీసుకెల్లు. నేను మాత్రం రాను. ఆడెంత బాగా పరిగెట్టినా, పక్కనోల్ల మొకాలు సూస్తూ నిలబడడం నావల్ల కాదు.”

మాటివ్వడానికి ఏముంది, నాలుక ఎముక లేనిది. నిలబెట్టుకోవడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

మొదటి చిక్కు నిప్పు. వర్క్‌షాపులో ఒక ఫిట్టరు ఇత్తడి గొట్టానికి గిన్నె అతికి, అందులో కిరోసిన్ వత్తి పెట్టి కాగడా చేసిచ్చాడు. వెలిగించకుండా ఇస్తే అప్పలకొండ బంగారంలా పట్టుకునేవాడు. వెలిగించి ఇస్తే కింద పడేసి గ్యాలరీ వెనకాలకు పారిపోయేవాడు. రెండు ఆదివారాలు ఇదే తంతు. మూడో ఆదివారం గోవిందరావుకి విసుగొచ్చి, నోటికొచ్చిన మాట అనేశాడు.

“ఒరే కొండా, ఇది నిప్పనుకుంటన్నావేటి? ఇది మీ నాన్న గోలారా. పడేస్తే బండి ఆగిపోతాది.”

రైల్వే ఊళ్ళో పుట్టినవాడు కాబట్టి గోవిందరావుకి ఆ మాట తట్టింది. రాకపోకలకు ఒకే లైను ఉన్న చోట ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా, స్టేషన్ మాస్టరు డ్రైవరుకి ఒక ఇనుప బంతి ఇస్తాడు. రైల్వేవాళ్ళు దాన్ని గోలా అంటారు. అది ఎవరి చేతిలో ఉంటే లైను వాళ్ళది. లేనివాడు లాటు సాహెబైనా సరే, బండి అంగుళం కదపకూడదు. గోలా మీద రెండు స్టేషన్ల పేర్లు చెక్కి ఉంటాయి, ఆ రెంటి మధ్య లైనునే సెక్షన్ అంటారు. తోలుసంచిలో వేసి, పెద్ద బెత్తపు రింగుకి తగిలించిన ఆ గోలాను ప్లాట్‌ఫారం చివర నిలబడి, కదులుతున్న ఇంజనుకి అందించడమే దేముడు జీవితమంతా చేసిన పని. కొడుకును బడిలో చేర్చుకోలేదని రోజూ తనతో స్టేషన్‌కి తీసుకుపోయేవాడు. ఇంటికొచ్చాక ఇద్దరూ బెత్తపు రింగుతో అదే ఆట ఆడేవారు. ఇచ్చినా, తీసుకున్నా కొడుకు ‘సెక్షన్?’ అంటే తండ్రి రెండు పేర్లూ పైకి చెప్పాలి. చెప్పనిదే గోలా చేతులు మారదు.

ఆ ఒక్క మాటతో అప్పలకొండ భయం పోయింది. మండుతున్న కాగడాను చెయ్యి చాచి అందుకుని, గోవిందరావు మొహంలోకి చూసి, “సెక్షన్?” అన్నాడు.

“ఖరిదా – మైదానం,” అన్నాడు గోవిందరావు, ముచ్చటపడిపోయి.

అప్పలకొండ తల ఊపి పరుగందుకున్నాడు. మంట చెదరలేదు. గోవిందరావు ఆ రాత్రి భార్య దగ్గర తన తెలివిని తానే మెచ్చుకున్నాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన సంగతి మరుసటి ఆదివారం తెలిసింది. రిహార్సల్ చూడటానికి ఇన్‌స్పెక్టర్ మైతీ వచ్చి, పెద్ద సాబ్ స్థానంలో తానే నిలబడ్డాడు. అప్పలకొండ చక్కగా పరుగెత్తుకొచ్చి ఆయన ముందు ఆగాడు. మైతీ చెయ్యి చాచాడు. అప్పలకొండ కాగడా ఇవ్వలేదు.

“సెక్షన్?” అన్నాడు.

మైతీకి అర్థం కాలేదు. కాగడా పట్టుకుని లాగాడు. అప్పలకొండ వదల్లేదు. మైతీ ఇంకాస్త గట్టిగా లాగాడు. పాయింట్స్‌మన్ కొడుకు చేతిలోంచి, పేరు చెప్పకుండా గోలా లాక్కోవడం ఇన్‌స్పెక్టర్ వల్ల ఏమవుతుంది? కిరోసిన్ బొట్టు మీద పడి ఆయన చొక్కా మాత్రం పాడైంది.

“గోవిందదా, ఏమిటిది?” అన్నాడు మైతీ. చెడ్డవాడేం కాదు. వయసుకు పెద్దవాడని హవల్దారును దాదా అని పిలిచే మనిషి. కానీ కలకత్తా పెద్ద సాబ్ వస్తున్నాడంటే పది రోజులుగా నిద్రపట్టనివాడు. “ఆ రోజు సాబ్‌తో కూడా ఇలాగే తగువు పడితే? ఊరంతా పగలబడి నవ్వుతుంది. వచ్చే ఆదివారానికి ఇతని పద్ధతి మార్చండి. లేకపోతే ఆఖరి ముక్క విల్‌ఫ్రెడ్‌కి ఇవ్వండి.”

విల్‌ఫ్రెడ్ ఆ పద్దెనిమిదిమందిలో ఒకడు. ఎవరు చెయ్యి చాచినా చేతిలో ఉన్నది ఇచ్చేసి, పైగా ముద్దు పెట్టే రకం. అతనితో ఏ ఇబ్బందీ ఉండదు. కానీ కాగడా తనదని అప్పలకొండకి తెలుసు. పడుకునేటప్పుడు కూడా ‘ఖరిదా, మైదానం’ అనుకుంటున్నాడని జోగమ్మ చెప్పింది.

ఆ వారమంతా గోవిందరావు డ్యూటీ దిగగానే మైదానానికి పోయి, తాను చెప్పినదాన్ని వెనక్కి లాగడానికి నానా పాట్లూ పడ్డాడు. ఇది గోలా కాదురా, కాగడా అన్నాడు. బతిమాలాడు. జిలేబీ ఆశ పెట్టాడు. అప్పలకొండ జిలేబీ తిని, “సెక్షన్?” అన్నాడు. శుక్రవారం సాయంత్రానికి గోవిందరావు ఓడిపోయి, ఆఖరి ముక్క విల్‌ఫ్రెడ్‌కే పోతుందని చెప్పడానికి తాల్‌బగీచా వెళ్ళాడు. దారిపొడుగునా తన మీద తనకే అసహ్యం వేసింది.

జోగమ్మ అంతా విని, “గోలా అని సెప్పింది ఎవులు?” అంది.

“నేనే వదినా.”

“మరి ఇప్పుడు కాదంటే ఆడెందుకు నమ్ముతాడు? ఆడికి ఒకసారి సెప్పిన మాట సెప్పినట్టే ఉంటాది. మనలాగ పూటకో మాట నేదు. ఆడేటి తప్పు సేసినాడు? రూలే గదా అడిగినాడు. ఆ పేరేదో మీ సాబే సెప్తే అరిగిపోతాడేటి?” అంది.

గోవిందరావుకి ఆ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు. అప్పలకొండను మార్చాలనే చూశాడు తప్ప, సాబ్‌ను మార్చవచ్చని ఊహకైనా రాలేదు. ముప్ఫై ఏళ్ళలో పై ఆఫీసర్ల దగ్గర అతను పలికింది రెండే ముక్కలు, ‘జీ సాబ్’.

ఆదివారం మైతీ మళ్ళీ వచ్చాడు. గోవిందరావు చెవిలో చెప్పినట్టే “ఖరిదా – మైదానం” అన్నాడు. అప్పలకొండ కాగడా పువ్వులా చేతిలో పెట్టాడు.

“ఠీక్ హై,” అన్నాడు మైతీ. “నేను చెప్పాను. సాబ్‌కి ఎవరు చెప్తారు?”

“నేను చెప్తాను సాబ్,” అన్నాడు గోవిందరావు.

మైతీ అతన్ని ఎగాదిగా చూశాడు. “సరే. అతన్నే ఉంచండి. ఏదైనా జరిగితే మాత్రం నేను మీవైపు చూడను.”

పోటీల రోజు గోవిందరావు తెల్లవారకముందే లేచి, హిందీలో మూడు వాక్యాలు తయారుచేసుకున్నాడు. సాబ్ మలంచాలో జెండా ఊపుతాడు, అప్పుడు చెప్పేయవచ్చని లెక్క. ఏడయింది, ఏడున్నర అయింది. సాబ్ కారు నేరుగా మైదానానికే వెళ్తుందని కబురొచ్చింది. జెండా మైతీ ఊపేశాడు.

గోవిందరావు వాటా మలంచా చివరి నుంచి ఖరిదా బజారు దాకా, మహా అయితే అర మైలు. అక్కడ కాగడా అప్పలకొండకిచ్చి, పక్కనున్న టీ దుకాణంలో కూర్చోవచ్చని వయసును బట్టి మైతీయే వెసులుబాటు ఇచ్చాడు. అర మైలు ఎలా పూర్తిచేశాడో ఆ భగవంతుడికే తెలియాలి. ఖరిదాలో పద్దెనిమిదిమంది ఆటగాళ్ళూ తెల్ల బనియన్లు వేసుకుని నిలబడ్డారు. జనం రెండు పక్కలా మూగారు. అప్పలకొండ చెయ్యి చాచాడు.

“ఖరిదా – మైదానం,” అన్నాడు గోవిందరావు రొప్పుతూ. అప్పలకొండ అందుకుని కదిలాడు. మిగతా పదిహేడుమందీ, పోలీసులూ కదిలారు. టీ దుకాణం బల్ల ఖాళీగా కనిపించింది. గోవిందరావు దానివైపు ఒక్కసారి ఆశగా చూసి, అందరి వెనకాలా మళ్ళీ పరుగెత్తాడు. అప్పలకొండ కంటే ముందు సాబ్ దగ్గరికి చేరాలి. ఊళ్ళో అందరికంటే వేగంగా పరుగెత్తేవాడిని బొజ్జ ఉన్న హవల్దారు దాటడం ఎక్కడైనా ఉందా? అతను గేటులోకి వచ్చేసరికి అప్పలకొండ సాబ్ ఎదుట నిలబడి ఉన్నాడు. సాబ్ చెయ్యి చాచి ఉన్నాడు.

“సెక్షన్?” అన్నాడు అప్పలకొండ.

సాబ్ ఆరడుగుల మనిషి. నవ్వుతూ ఇంకాస్త ముందుకు చాచాడు. అప్పలకొండ కాగడాను ఛాతీ దగ్గరికి తీసుకున్నాడు. పరుగు వెంటే వచ్చిన మైతీ కళ్ళు మూసుకున్నాడు. గ్యాలరీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు గోవిందరావు చెవిలో పడింది. దాంతో కాళ్ళలో లేని సత్తువ వచ్చింది. వెళ్ళి సాబ్ ముందు నిలబడి సెల్యూట్ కొట్టాడు. తయారుచేసుకున్న మూడు వాక్యాలూ ఆయాసంలో కొట్టుకుపోయాయి.

“సాబ్,” అన్నాడు. ఊపిరి పీల్చుకున్నాడు. “గోలా, సాబ్. పేరు చెప్పాలి. ఖరిదా – మైదానం. చెప్పకపోతే ఇవ్వడు సాబ్. వాళ్ళ నాన్న పాయింట్స్‌మన్.”

సాబ్ అతన్నీ, అప్పలకొండనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి, కవాతులో చెప్పినట్టు గట్టిగా, “ఖరిదా – మైదానం,” అన్నాడు.

కాగడా చేతులు మారింది. గ్యాలరీలో సగంమంది రైల్వేవాళ్ళే. పింఛను డ్రైవర్లు, సిగ్నల్ క్యాబిన్‌వాళ్ళు. ఏం జరిగిందో ముందు వాళ్ళకు అర్థమై, చప్పట్లు మొదలుపెట్టారు. గోవిందరావు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గండం గడిచిందనుకున్నాడు.

గడవలేదు. అప్పలకొండ రెండో చెయ్యి చాచి నిలబడ్డాడు. ఒక గోలా ఇచ్చినవాడు ఇంకో గోలా అందుకోవాలి కదా, లేకపోతే బండి అక్కడే పడి ఉంటుంది. రిహార్సల్లో కాగడా తీసుకున్న మరుక్షణం ‘ఇంకోసారి’ అని అదే తిరిగి చేతిలో పెట్టేవారు. అందుకే ఆ రెండో చెయ్యి సంగతి ఎవరికీ తెలియలేదు.

“ఇప్పుడేం కావాలి?” అని అడిగాడు సాబ్.

“తిరుగు గోలా సాబ్,” అన్నాడు గోవిందరావు, ఇక దాచడానికేం మిగలలేదు కాబట్టి. “ఏదో ఒకటి ఇవ్వాలి.”

సాబ్ చుట్టూ చూశాడు. ఒక చేతిలో కాగడా, ఇంకో చంకలో వెండి పొన్ను వేసిన బెత్తం. ఆ బెత్తాన్ని జిల్లాలో ఎవరూ ముట్టుకుని ఎరగరు. ఆయన దాన్ని తీసి అప్పలకొండ చేతిలో పెట్టాడు.

“సెక్షన్?” అన్నాడు అప్పలకొండ.

సాబ్ గోవిందరావు వైపు చూశాడు. మైతీ కూడా చూశాడు, చూడనన్న మాట మరిచిపోయి. ‘అయిపోయిందిరా, లైను బందు’ అని ఉంటే అక్కడితో తీరిపోయేది. కానీ గోవిందరావుకి ఇంటి దగ్గర ఒంటరిగా కూర్చుని ఉన్న జోగమ్మ గుర్తొచ్చింది. ఇంత బాగా చేసిన పని తల్లి చూడకపోవడం అన్యాయమనిపించింది. ఎవరినీ అడక్కుండానే చెప్పేశాడు.

“మైదానం – తాల్‌బగీచా.”

అప్పలకొండ తల ఊపి, సాబ్ బెత్తంతో గేటు వైపు పరుగెత్తాడు. విల్‌ఫ్రెడ్ కేకేసి వెంటపడ్డాడు. మిగతావాళ్ళూ కదిలారు. ఆటగాళ్ళను వదలవద్దని ఆర్డరు కాబట్టి పోలీసులూ పరుగెత్తారు. “నా బెత్తం,” అన్నాడు సాబ్, నవ్వు ఆపుకోలేక. గోవిందరావుకి ఇంకో అడుగు వేసే ఓపిక లేదు. గేటు బయట సైకిల్ రిక్షా ఎక్కాడు.

జోగమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. సందు మొదట్లో చప్పుడైతే తలెత్తింది. ముందు కొడుకు, చేతిలో ఎవరిదో వెండి పొన్ను బెత్తం, వెనకాల కేకలేస్తూ ఆటగాళ్ళు, డజనుమంది పోలీసులు. ఏ తల్లికైనా ఏమనిపిస్తుంది? ఆవిడ చేటతో సహా లేచి నిలబడింది. అప్పలకొండ వచ్చి ఎదురుగా నిలబడి బెత్తం చూపించాడు. ఊపిరి సమంగానే ఉంది.

జోగమ్మ ఆ మొహం చూసింది. దేముడు డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఉండే మొహం అది. భయం పోయింది.

“మైదానం – తాల్‌బగీచా,” అంది పాయింట్స్‌మన్ పెళ్ళాం.

బెత్తం ఆవిడ చేతిలోకి వచ్చింది. అప్పుడే రిక్షా దిగాడు గోవిందరావు.

“ఎవులిది?” అంది జోగమ్మ.

“పెద్ద సాబ్‌ది వదినా. కలకత్తా సాబ్‌ది.”

“ఆయన్ని మైదానంలో వదిలేసి, ఆయన గోలా ఇక్కడికి తెచ్చీసినారా? మరి ఆయన బండెలా కదుల్తాది?” అని, ఆ మాటకు తనే ముందు నవ్వింది. చాలా ఏళ్ళుగా నవ్వని మనిషి, చేటలో బియ్యం కింద పడేంత నవ్వింది. ఆవిడను చూసి పోలీసులు నవ్వారు, వీధి నవ్వింది. అప్పలకొండ అందరి మొహాలూ చూసి, తనూ నవ్వాడు. ఎవరూ నవ్వకుండా చూస్తానని ఇచ్చిన మాట పోయినందుకు గోవిందరావుకి కళ్ళలో నీళ్ళు తిరిగేంత సంతోషం వేసింది.

అప్పలకొండ రెండో చెయ్యి చాచే ఉన్నాడు. జోగమ్మ కొంగుతో బెత్తం తుడిచి అతని చేతిలో పెట్టింది.

“తాల్‌బగీచా – మైదానం,” అంది. “జాగర్తగా ఇచ్చిరా. పందెం ఉంది గదా నీకు.”

అతను కదిలాడు. జోగమ్మ చేట లోపల పెట్టి, తలుపు గొళ్ళెం వేసి, చెప్పులు తొడుక్కుని రిక్షాలో ఎక్కి కూర్చుంది.

“నువ్వు పరిగెట్టు గోవిందూ, నీకు అలవాటైపోనాది,” అంది.

గోవిందరావు రిక్షా కమ్మీ పట్టుకుని మలుపు దాకా పరుగెత్తాడు. జోగమ్మ అటూ ఇటూ గుమ్మాల్లో ఉన్నవాళ్ళ మొహాలు చూడలేదు. ముందు పోతున్న కొడుకునే చూస్తూ కూర్చుంది.